చేసి పెట్టుకో, చేసిపెట్టు, చేసి ఉంచు: ముందస్తు పనిని తెలుగులో చెప్పడం ఎలా

“ఉల్లిపాయలు తరగండి” అని రాస్తే చదివినవాళ్లు ఉల్లిపాయలు తరుగుతారు. “ఉల్లిపాయలు తరిగి పెట్టుకోండి” అని రాస్తే తరిగిన ముక్కలు ఒక గిన్నెలో వేసి, చేతికందేచోట పెట్టి, మరో పని చూసుకుంటారు. రెండో వాక్యంలో కొత్తగా చేరింది “పెట్టుకోండి” ఒక్కటే. పని ఇప్పుడే అయిపోవాలి, అయినదాన్ని అట్టిపెట్టాలి, దాని అవసరం తర్వాత వస్తుంది. ఈ మూడు సంగతులూ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి.

ముందుగా చేసుకోవాల్సిన పనిని చెప్పడానికి తెలుగులో ఇంతకన్నా సూటి క్రియ లేదు. వంటింట్లో, పొలంలో, ప్రయాణపు హడావిడిలో అందరి నోటా ఇదే వినిపిస్తుంది. రాతలోకి వచ్చేసరికి మాత్రం “ముందుగా సిద్ధం చేయబడిన మసాలా” అని బిగుసుకుపోతుంది. వంటకాలు రాసేవాళ్లకు, వీడియోల కింద వివరాలు రాసేవాళ్లకు, యాప్‌లనూ దరఖాస్తు సూచనలనూ తెలుగులోకి తెచ్చేవాళ్లకు, ఊరికి దూరంగా ఉండి పిల్లలకు తెలుగు నేర్పేవాళ్లకు పనికొచ్చేలా ఈ క్రియను ఎలా వాడాలో, ఎక్కడ బెడిసికొడుతుందో వరుసగా చూద్దాం.

1. పని అయ్యాక ఏం మిగులుతుందో చూసుకోండి

ఏ క్రియకు పడితే ఆ క్రియకు “పెట్టుకో” తగిలిస్తే కుదరదు. పని పూర్తయ్యాక ఏదో ఒకటి మిగలాలి, అది కాసేపైనా నిలవాలి. తరిగితే ముక్కలు మిగులుతాయి. రాస్తే కాగితం మీద అక్షరాలుంటాయి. కొంటే సరుకు ఇంట్లో ఉంటుంది. ఉతికితే శుభ్రమైన బట్టలుంటాయి. కాబట్టి తరిగి పెట్టుకో, రాసి పెట్టుకో, కొని పెట్టుకో, ఉతికి పెట్టుకో అన్నీ చక్కగా నప్పుతాయి. రైతులు తొలకరికి ముందే దుక్కి దున్ని పెట్టుకుంటారు, వచ్చే పంటకు విత్తనం తీసి పెట్టుకుంటారు.

మిగిలేది కంటికి కనిపించనక్కర్లేదు. “రేపు రెండు లీటర్లు ఎక్కువ కావాలని పాలబ్బాయికి చెప్పి పెట్టు” అన్నప్పుడు ఆ మాట పాలబ్బాయి చెవిన పడి ఉంటుంది. “తెల్లవారుజామున స్టేషన్‌కి వెళ్లాలి, ఆటో మాట్లాడి పెట్టుకో” అన్నప్పుడు మిగిలేది ఒప్పందం. “ఇంటర్వ్యూలో జీతం ఎంత అడగాలో ఆలోచించి పెట్టుకో” అన్నప్పుడు జవాబు మనసులో ఉంటుంది.

తిని పెట్టుకో, నిద్రపోయి పెట్టుకో, స్నానం చేసి పెట్టుకో అని మాత్రం ఎవరూ అనరు. ఆ పనులు చేసిన మనిషిలోనే కలిసిపోతాయి, విడిగా తీసి పెట్టడానికి ఏమీ ఉండదు. ఇలాంటి చోట రెండు దారులున్నాయి. పని ముగిసిపోవడమే ముఖ్యమైతే “వచ్చేముందే తినేసి రా”, “పొద్దున్నే స్నానం చేసేయ్” అనాలి. మనిషి ఒక స్థితిలో ఉండడం ముఖ్యమైతే “ఉండు” వాడాలి: “మేం వచ్చేసరికి లేచి ఉండు”, “ఆరింటికల్లా తయారై ఉండండి”.

వద్దు అని చెప్పేటప్పుడు ఆ వ్యతిరేకం చివరి క్రియకే చేరాలి. “వంకాయలు ముందే తరిగి పెట్టుకోకండి, నల్లబడతాయి. తప్పనిసరైతే ఉప్పు నీళ్లలో వేసి ఉంచండి” అన్నది సరైన వాక్యం. “వంకాయలు తరగకుండా పెట్టండి” అంటే వేరే మాట అయిపోతుంది. కాయలను అలాగే వదిలెయ్యమన్నట్టు.

ఇంకో సంగతి ఇక్కడే చెప్పాలి. కొన్నిచోట్ల “పెట్టు” ఒంటరిగా వచ్చినా రాబోయే రోజుల కోసం అన్న అర్థం దానంతట అదే పలుకుతుంది. ఏడాదికి సరిపడా ఆవకాయ “పెడతాం”. ఆ పూటకు తినే కొబ్బరి పచ్చడి “చేస్తాం”. వడియాలు పెడతాం. రేపటి పెరుగు కోసం రాత్రి పాలు తోడు పెడతాం. “ఈ ఏడు ఆవకాయ చేశారా?” అని అడిగినా అర్థమవుతుంది కానీ, “పెట్టారా?” అన్నప్పుడు వినిపించే మండు వేసవి, జాడీ, ఏడాది లెక్క అందులో ఉండవు. తెలుగు నేర్చుకునేవాళ్లకు ఈ తేడాను తొలి నుంచే చెవికి అలవాటు చేయడం మంచిది.

2. ఎవరి కోసమో తేల్చుకోండి

అసలు మెలిక ఇక్కడుంది. ఈ నాలుగు వాక్యాలు పక్కపక్కన పెట్టి చదవండి.

కూర తరిగాను.
కూర తరిగి పెట్టాను.
కూర తరిగి పెట్టుకున్నాను.
కూర తరిగి ఉంచాను.

మొదటిది పని జరిగిందని మాత్రమే చెబుతుంది. రెండోదాంట్లో తరిగింది నేను, దాని అవసరం ఉన్నది మరొకరికి. మూడోదాంట్లో తరిగిందీ నేనే, వండబోయేదీ నేనే. నాలుగోది తరిగిన కూర అక్కడ ఉందని చెబుతుంది, ఎవరు వండినా సరే.

రెండో వాక్యాన్నీ మూడో వాక్యాన్నీ విడదీసేది “కొను” అనే చిన్న తోక. అది చేరితే పని ఫలం చేసినవాళ్లకే దక్కుతుంది. వంటకాల్లో “పెట్టుకోండి” అనడానికి కారణం ఇదే: చదివేవారే తరుగుతారు, వారే వండుతారు. అదే చోట “తరిగి పెట్టండి” అని రాస్తే ఎవరికో సాయం చేయమన్నట్టు ఉంటుంది. పెళ్లి వంటల దగ్గర వంటమేస్త్రీ తన సహాయకులతో “కూరగాయలు తరిగి పెట్టండి” అంటాడు, అక్కడ అది అచ్చంగా సరిపోతుంది.

“కొను” ఒక్కసారే, చివర్లోనే రావాలి. “తరుక్కుని పెట్టుకోండి”, “రాసుకుని పెట్టుకోండి” అని రెండుసార్లు వేస్తే వాక్యం బరువెక్కుతుంది తప్ప అర్థం పెరగదు.

“పెట్టు”లో సాయం అర్థం చాలా బలమైనది, దాన్ని తక్కువ అంచనా వేయొద్దు. “ఈ ఫారం కాస్త నింపిపెట్టండి”, “మా అబ్బాయికి మంచి సంబంధం ఉంటే చూసిపెట్టండి”, “నేనొచ్చేదాకా ఈ సంచి చూసిపెట్టు అక్కా”. వీటిలో ముందస్తు అన్న ఊసే లేదు, ఒకరి పని మరొకరు చేయడమే ఉంది. అందుకే “టిక్కెట్లు కొనిపెట్టు” అని మెసేజ్ పంపితే అవతలివాళ్లకు “నా తరఫున కొను” అని అర్థమవుతుంది, “ఇప్పుడే కొను” అని కాదు. ముందుగా కావాలన్నదే మీ ఉద్దేశమైతే ఆ మాట విడిగా చెప్పాలి: “టిక్కెట్లు ఈ వారంలోనే కొని ఉంచు, పండగ దగ్గరపడితే దొరకవు.”

రాతలో ఒక అలవాటు బాగా సాయపడుతుంది. సాయం అర్థం వచ్చేచోట కలిపి రాయండి: కొనిపెట్టు, చూసిపెట్టు, రాసిపెట్టు. ముందస్తు అర్థం వచ్చేచోట విడదీయండి: కొని పెట్టుకో, రాసి పెట్టుకో. ఇది వ్యాకరణం విధించిన నియమం కాదు, రెండు రకాలుగానూ రాసేవాళ్లున్నారు. అయినా ఒకే రాతలో ఈ తేడా పాటిస్తే చదివేవాళ్లు వెనక్కి వెళ్లి మళ్లీ చదవాల్సిన పని ఉండదు.

మర్యాద సంగతి కూడా ఈ మెట్టులోదే. ఆఫీసులో “రేపటి మీటింగ్‌కి ఫైళ్లు తీసి ఉంచండి” అన్నది పని అప్పగించే మాట. కింద పనిచేసేవారితో అనొచ్చు, పైవారితో అంటే ఆజ్ఞలా తగులుతుంది. పెద్దవాళ్లను అడిగేటప్పుడు ప్రశ్నగా మార్చి “పెట్టు” వాడితే మాట మెత్తబడుతుంది: “కాస్త ఆ ఫైలు తీసిపెడతారా సార్?”, “రేపు వచ్చేసరికి ఆ కాగితాలు వెతికిపెడతారా బాబాయ్?”

3. ఎప్పటికల్లా, ఎంతసేపు

ఎక్కువ గందరగోళం కాలం దగ్గరే వస్తుంది. “గంటసేపు తరిగి పెట్టుకోండి” అన్న వాక్యం చూడండి. రాసినవారి ఉద్దేశం తరిగాక గంటసేపు అలా ఉంచమని. వాక్యం మాత్రం గంటసేపు తరుగుతూ కూర్చోమంటోంది. “సేపు” ఏ క్రియకు ముందు వస్తే ఆ క్రియను పట్టుకుంటుంది. కాబట్టి వ్యవధి చెప్పాల్సినప్పుడు “ఉంచు” తెచ్చి, “సేపు”ను దాని పక్కనే నిలపండి: “పిండి కలిపి, తడిబట్ట కప్పి, అరగంటసేపు ఉంచండి.” నానడం, ఆరడం లాంటి పనులకు వ్యవధి వాటిలోనే ఉంటుంది కాబట్టి “అరగంటసేపు నానబెట్టండి” అంటే ఇబ్బంది లేదు.

“పెట్టుకో”కు సహజమైన తోడు “కల్లా”. అది గడువును చెబుతుంది. పొద్దున 7 గంటలకు దోసెలు వేయాలనుకోండి. పిండి పులవడానికి 10 గంటలు, పప్పూ బియ్యం నానడానికి 5 గంటలు పడుతుందనుకుంటే సూచన వెనక నుంచి ముందుకు ఇలా వస్తుంది: “పిండి ముందురోజు రాత్రి 9 కల్లా రుబ్బి పెట్టుకోవాలి. 1 గ్లాసు మినపప్పు, 3 గ్లాసుల బియ్యం విడివిడిగా సాయంత్రం 4 కల్లా నానబెట్టుకోవాలి.” మండు వేసవిలో పిండి త్వరగా పులుస్తుంది కాబట్టి ఇంకాస్త ఆలస్యంగా రుబ్బుకోవచ్చు. గడువు అంకెల్లో ఉంటే ఆ సర్దుబాటు చదివేవారే చేసుకుంటారు. “ముందుగా నానబెట్టుకోండి” అని వదిలేస్తే చేసుకోలేరు.

“ముందుగా” అన్న మాటకు రెండు అర్థాలున్నాయి, అదే దాని చిక్కు. “ముందుగా బియ్యం కడగాలి” అంటే మొదటి పని అది అని. “ముందుగా కడిగి పెట్టుకున్న బియ్యం” అంటే ఇదివరకే కడిగినది అని. ఒకే పేరాలో రెండు రకాలూ వాడితే ఏది మొదటి మెట్టో, ఏది అప్పటికే అయిపోయి ఉండాలో తెలియదు. వరుస చెప్పడానికి “మొదట” వాడి, ఇదివరకే అన్న అర్థానికి “ముందే”, “ముందుగానే” వాడితే చిక్కు విడిపోతుంది.

“రెండు గంటల ముందు” కూడా జాగ్రత్తగా వాడాల్సినదే. మాటల్లో చాలామంది దీన్ని “రెండు గంటల క్రితం” అన్న అర్థంలోనూ వాడతారు. రాతలో దేనికి ముందో చెప్పేయండి: “బయలుదేరడానికి రెండు గంటల ముందు”, “రుబ్బడానికి ఐదు గంటల ముందు”.

4. ప వస్తుందా, బ వస్తుందా

తరిగిపెట్టు అంటాం, నానబెట్టు అంటాం. ఒకచోట ప, ఒకచోట బ. ఇది ఉచ్చారణ తేడా మాత్రమే కాదు. ఇవి రెండు వేర్వేరు నిర్మాణాలు.

“తరిగి”, “చేసి”, “రాసి” అన్నవి బడిలో క్త్వార్థకం అని చెప్పుకున్న రూపాలు, ఇకారంతో ముగుస్తాయి. వీటి తర్వాత ప మారదు. “నాన”, “ఆర”, “ఎండ”, “ఉడక”, “మరగ” అన్నవి అకారంతో ముగిసే రూపాలు, పాత తెలుగులో వీటి చివర న్ ఉండేది: నానన్, ఆరన్. ఆ నకారం తర్వాత వచ్చిన ప, బ అయింది. “పూచెఁ గలువలు” అంటూ నేర్చుకున్న సరళాదేశ సంధే ఇది. పాత నిఘంటువుల్లో “నానఁబెట్టు”, “కూడఁబెట్టు” అని అరసున్నతో కనిపించేది ఆ నకారపు జాడే.

అర్థంలో తేడా ఇంకా తేలిక. పప్పు తనంతట తాను నానుతుంది, బట్టలు ఆరుతాయి, పిండి పులుస్తుంది, కాయలు మాగుతాయి. మీరు అలా జరిగేలా చేస్తారు. అక్కడ “బెట్టు”: నానబెట్టు, ఆరబెట్టు, పులియబెట్టు, మాగబెట్టు. ఉల్లిపాయ తనంతట తాను తరగబడదు, మీరే తరగాలి. అక్కడ “పెట్టు”. సామెతలోని “దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి” కూడా బ వరుసలోదే. ఇల్లు చక్కగా అయ్యేలా చేసుకోవడం. ఆ సామెతలో ముందస్తు అర్థాన్ని మోస్తున్నది “చక్కబెట్టుకో” కాదు, “ఉండగానే”.

మాటల్లో “నానపెట్టు”, “ఆరపెట్టు” అనేవాళ్లు బోలెడుమంది. అది తప్పని ఎవరినీ దిద్దనక్కర్లేదు. రాతలో బ వాడితే రెండు నిర్మాణాలూ కంటికే విడిగా తెలుస్తాయి.

ఇక “నానబెట్టి పెట్టుకోండి” అన్న వాడుక. మొదటి “బెట్టు” నానేలా చేయడం, రెండో “పెట్టు” తర్వాతి పని కోసం అట్టిపెట్టడం. తప్పేమీ కాదు, కానీ చెవికి ఒకటే మాట రెండుసార్లు మోగుతుంది. “నానబెట్టుకోండి” అంటే చాలు, తనకోసం, తర్వాతి పనికోసం అన్న రెండూ అందులో వచ్చేశాయి. వ్యవధి ముఖ్యమైతే “నానబెట్టి ఉంచండి”.

ఒక జంట దగ్గర మరీ జాగ్రత్త. “నిలబెట్టు” అంటే నిలుచునేలా చేయడం. మాట నిలబెట్టుకోవడం కూడా దీన్నుంచే. “నిలవ పెట్టు” అంటే నిల్వ చేయడం. “పచ్చడిని ఏడాది నిలబెట్టడానికి” అని రాస్తే జాడీని నిటారుగా నిలిపినట్టు ఉంటుంది. “పచ్చడి ఏడాది నిలవ ఉండాలంటే తడి గరిటె తగలకూడదు” అన్నది తేట తెలుగు.

5. రూపాలు ఒక్కసారి

సూచనకు: పెట్టుకో, పెట్టుకోండి. తప్పదనడానికి: పెట్టుకోవాలి. లాభం చెప్పడానికి: పెట్టుకుంటే (“రాత్రే సర్ది పెట్టుకుంటే పొద్దున పరుగులుండవు”). తర్వాతి పనికి దారి తీయడానికి: పెట్టుకుని. పేరుకు (నామవాచకానికి) ముందు: పెట్టుకున్న. వద్దనడానికి: పెట్టుకోకండి. జరగనిదానికి చింత చెప్పడానికి “ఉంటే” చేరుతుంది: “ఆటోకి ముందే చెప్పి పెట్టి ఉంటే బండి అందేది.” పెట్టుకొని, పెట్టుకుని రెండూ సరే. ఒక రాతలో ఏదో ఒకదానికే కట్టుబడండి.

6. ప్రతి “పెట్టుకోండి”కీ ఒక “పెట్టుకున్న” ఉండాలి

వంటకాలను, పనుల వరుసను ఎక్కువగా చెడగొట్టేది ఈ జత తప్పడమే. నూనె కాగుతోంది, ఆవాలు చిటపటలాడుతున్నాయి, అప్పుడు చదివేవారి కంట “వేయించి పెట్టుకున్న జీడిపప్పు వేయండి” అన్న వాక్యం పడుతుంది. వేయించమని అంతకుముందు ఎక్కడా చెప్పలేదు. జీడిపప్పు వేయించేలోపు పోపు మాడిపోతుంది. దీనికి ఎదురు రకం కూడా ఉంది. మొదట్లో “కొత్తిమీర తరిగి పెట్టుకోండి” అంటారు, చివరిదాకా ఆ కొత్తిమీర ఊసే ఉండదు.

రాయడం అయ్యాక ఒక పెన్ను తీసుకుని “పెట్టుకోండి” ఉన్న ప్రతిచోటా గీత గీయండి. తర్వాత “పెట్టుకున్న” ఉన్న ప్రతిచోటా గీత గీయండి. రెండిటినీ జతచేయండి. జత దొరకనిది ఏదైనా ఉంటే అక్కడ మెట్టు జారిందన్నమాట. క్రియ కూడా అదే ఉండాలి: మొదట “గుజ్జు తీసి పెట్టుకోండి” అని, తర్వాత “పిండి ఉంచిన చింతపండు రసం” అంటే అది మరో వస్తువేమో అని వెతుక్కుంటారు.

పులిహోర సూచన ఒకటి తీసుకుందాం.

“ముందుగా చింతపండును అరగంట నానబెట్టి పెట్టుకోండి. ముందుగా ఉడికించబడిన అన్నాన్ని తీసుకోండి. ముందుగా సిద్ధం చేసుకున్న పోపును, గుజ్జును చేర్చండి.”

మూడు “ముందుగా”లున్నాయి, అన్నిటికీ అర్థం ఒకటి కాదు. అన్నం ఎప్పుడు వండాలో, ఆరబెట్టాలో వద్దో లేదు. గుజ్జు ఎప్పుడు తీయాలో లేదు. దాన్నే ఇలా మార్చొచ్చు:

“పెద్ద నిమ్మకాయంత చింతపండును వేడినీళ్లలో అరగంటసేపు నానబెట్టండి. ఈలోపు 2 గ్లాసుల బియ్యం పలుకుగా వండి, వెడల్పాటి పళ్లెంలో పరిచి, చెంచా నూనె, పావు చెంచా పసుపు కలిపి ఆరబెట్టండి. చింతపండు పిసికి, పీచూ గింజలూ తీసేసి, చిక్కటి గుజ్జు తీసి పెట్టుకోండి. ఆవాలు, శనగపప్పు, మినపప్పు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు, చీల్చిన పచ్చిమిర్చి పొయ్యి పక్కనే అమర్చుకోండి. నూనెలో పోపు వేగాక, తీసి పెట్టుకున్న గుజ్జు పోసి, ఉప్పు వేసి, చిక్కబడి నూనె తేలేదాకా ఉడికించండి. ఆరిన అన్నంలో ఇది కలిపి గంటసేపు ఉంచండి. అన్నం వేడిగా ఉండగానే కలిపితే మెతుకు చితికి ముద్దవుతుంది.”

ఇందులో “ముందుగా” ఒక్కసారి కూడా రాలేదు. “ఈలోపు” రెండు పనులను ఒకే సమయంలో నడిపింది. నానడానికి “బెట్టు”, గుజ్జుకు “తీసి పెట్టుకో”, పోపు దినుసులకు “అమర్చుకో”, చివర గంటకు “ఉంచు” వచ్చాయి. దేని పని దానిదే. పోపు దినుసులను “సిద్ధం చేసుకోండి” అని కూడా అనొచ్చు కానీ, “అమర్చుకోండి” అన్నప్పుడు చిన్న గిన్నెలు వరుసగా కళ్ల ముందుకొస్తాయి.

“ఉడికించబడిన”, “కత్తిరించబడిన” లాంటి “బడిన” రూపాలు వంటింటి తెలుగులో ఎక్కడా వినపడవు. “ఉడికించిన అన్నం”, “తరిగి పెట్టిన ముక్కలు” అంటే చాలు.

7. సిద్ధం, తయారు, ఏర్పాటు ఎక్కడ నప్పుతాయి

“పెట్టు” ఉందని మిగతా మాటలను పక్కకు తోసేయనక్కర్లేదు. వాటి చోటు వాటికుంది.

మనుషులు సిద్ధమవుతారు. మనసు గట్టి చేసుకుంటే సిద్ధపడతారు. వస్తువులను సిద్ధం చేస్తారు, లేదా సిద్ధంగా ఉంచుతారు. బ్యాంకు, రిజిస్ట్రేషన్ లాంటి పనుల సూచనల్లో “ఈ పత్రాలు సిద్ధంగా ఉంచుకోండి” అన్నదే సరైన మాట, ఎందుకంటే అవి మీ దగ్గర ఉన్నవే, ఒకచోటికి చేర్చుకుంటున్నారు. అదే చోట “పత్రాలు తయారు చేసుకోండి” అని రాయొద్దు. తయారు చేయడమంటే లేనిదాన్ని పుట్టించడం. ఆధార్ కార్డు తయారు చేసుకోమంటే అర్థం ఎక్కడికో పోతుంది. “తయారవు” మాత్రం బట్టలు మార్చుకుని ముస్తాబవడానికి చక్కటి మాట.

కుర్చీలు, భోజనాలు, బస ఏర్పాటు చేస్తాం. డబ్బు, సరుకులు సమకూర్చుకుంటాం. పరీక్షలకు ప్రిపేర్ అవుతాం. ఈ మాట తెలుగులో స్థిరపడిపోయింది, “చదువుకుంటున్నా” అన్నా సరిపోతుంది. “సన్నాహాలు”, “సమాయత్తం” పత్రికల మాటలు, ఎన్నికల వార్తకు బాగుంటాయి, ఇంటి పనికి బరువు. “ముందస్తు” పేరుకు ముందు వస్తేనే ఒదుగుతుంది: ముందస్తు బెయిలు, ముందస్తు ఎన్నికలు, ముందస్తు జాగ్రత్త. “ముందస్తుగా ఉల్లిపాయలు తరగండి” అంటే వార్త చదివినట్టుంటుంది.

8. “పెట్టు” కనబడినా ముందస్తు కానివి

కట్టిపెట్టు అంటే ఆపు: “ఆ మాటలు కట్టిపెట్టు.” కనిపెట్టు అంటే తెలుసుకో, కొత్తగా కనుగొను. విడిచిపెట్టు, వదిలిపెట్టు తెలిసినవే. “వాళ్లతో పెట్టుకోకు” అంటే వాళ్ల జోలికి పోకు. “నుదుట రాసిపెట్టి ఉంటే జరుగుతుంది” అన్నప్పుడు రాసింది మనం కాదు. తెలుగు కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇవి మాటగా మాటే చెప్పాలి, విడదీసి అర్థం చెప్పబోతే చిక్కుపడతారు.

“దాచిపెట్టు” రెండు వైపులా తిరుగుతుంది. “కాస్త డబ్బు దాచి పెట్టుకో” అంటే రేపటికి మిగుల్చుకో. “నిజం దాచిపెట్టాడు” అంటే బయటపెట్టలేదు.

“పక్కన పెట్టండి” వంటకంలో నిరపాయం: “వేయించిన పల్లీలు పక్కన పెట్టండి.” ఆఫీసులో మాత్రం “ఈ దరఖాస్తు పక్కన పెట్టండి” అంటే దాన్ని పట్టించుకోవద్దన్నట్టు వినిపిస్తుంది. తర్వాత చూడాల్సినదైతే “విడిగా తీసి ఉంచండి, మధ్యాహ్నం చూస్తాను” అనాలి. ఈ ఒక్క వాక్యం తేడాతో కాగితం నెలల తరబడి కదలకుండా ఉండిపోగలదు.

“చెప్పాపెట్టకుండా వచ్చేశారు” అన్న పలుకుబడికి ముందే మాట చెప్పకపోవడమే అర్థం. దీన్ని విడదీయకుండా ఒకే మాటగా రాయండి.

9. ప్రాంతాల మధ్య రాసేటప్పుడు

తెలంగాణ పలుకులో “నేను కోసి పెట్టుకున్న” అంటే వాక్యం పూర్తయింది. కోస్తావాళ్లు అదే చదివితే “పెట్టుకున్న... ఏమిటి?” అని తర్వాతి మాట కోసం చూస్తారు. అందరూ చదివే రాతలో “పెట్టుకున్నాను” అని పూర్తిగా రాస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు. కథలో, సంభాషణలో మాత్రం ఎవరి పలుకు వారిదే ఉండాలి. “తీసి వెట్టు” అన్నప్పుడు ఆ “వె”ను దిద్దొద్దు. కూరగాయలను కొన్ని ఇళ్లలో తరుగుతారు, కొన్ని ఇళ్లలో కోస్తారు. రెండూ సరే, ఒక రాతలో ఒకటే ఉంటే చాలు.

పిల్లలకు నేర్పడానికి పుస్తకం అక్కర్లేదు, రాత్రి బడి సంచి సర్దే వేళ చాలు. పని ఎవరిదో, ఎవరికోసమో బట్టి క్రియ మారడం అక్కడ ఐదు నిమిషాల్లో వినిపిస్తుంది.

“రేపటి పుస్తకాలు సర్ది పెట్టుకున్నావా?”

“సర్దుకున్నా అమ్మా. నీళ్ల సీసా నింపిపెట్టవా?”

“నువ్వే నింపి పెట్టుకో. లంచ్ బాక్సు కడిగి ఉంచాను, పొద్దున అన్నం పెడతాను. యూనిఫాం ఇస్త్రీ చేసి కుర్చీ మీద పెట్టారు నాన్న.”

“ఆరింటికి లేపిపెట్టు మరి.”

“లేపుతాను. నేను వచ్చేసరికి మంచం దిగి ఉండాలి.”

పిల్లలు “లేపిపెట్టు” అంటే సాయం అర్థంలో అది నప్పుతుంది. “లేచి పెట్టుకో” మాత్రం కుదరదు. అందుకే అమ్మ చివర్లో “దిగి ఉండాలి” అంది.